చదివి వినిపించినవారు: గురులింగప్ప

మా ఊరి కోర్టు గేటుకు ఎదురుగా ఉన్న జిరాక్స్ దుకాణం నాది. ఇంటర్ రెండో ఏడు సగంలో చదువుకు రాం రాం చెప్పిన మాట నిజమే. అయితే పదహారేళ్లుగా జహీరాబాద్ దావాలన్నీ నా మెషిన్ అద్దం మీద బోర్లా పడుకుని లేచి పోతున్నవే కాబట్టి, చట్టంలో నాకు తెలియనిది ఏదైనా ఉంటే అది కాగితానికి రెండో వైపు అచ్చయి ఉంటుంది. నేను తిప్పి చూడలేదంతే.

ఇంతటి నన్ను కూర్చోబెట్టి పాఠం చెప్పగల మనిషి ఈ వీధిలో ఒక్కడే. వకీలు జగన్‌మోహన్ గారి గుమాస్తా గురులింగప్ప. నుదుట విభూతి, తెల్ల చొక్కా, సైకిల్ హ్యాండిల్‌కు గుడ్డసంచి. వాళ్ల తాతలు బీదర్ వైపు నుంచి వచ్చారు. ఇప్పటికీ లెక్క కన్నడంలో చేస్తాడు, బేరం ఉర్దూలో ఆడతాడు, కోపం మాత్రం తెలుగులో తెచ్చుకుంటాడు. ఈ రెండేళ్లలో నేను విన్నదంతా తెలుగే.

ఆయన పనేమిటో చెప్పాలి. చదువురాని మనిషి కోర్టులో ప్రమాణపత్రం వేస్తే, దాని చివర ఒక వాక్యం ఉంటుంది. "పై విషయములు చదివి వినిపించగా విని, అర్థము చేసుకొని, ఒప్పుకొని వేలిముద్ర వేసినారు." దాని కింద "చదివి వినిపించినవారు" అని ఒక పేరు. చాలా ఆఫీసుల్లో ఆ వాక్యం పెళ్లి పత్రికలో "బంధుమిత్ర సపరివారంగా" లాంటిది. ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. గురులింగప్ప మాత్రం ముప్పై నాలుగేళ్లు నిజంగా చదివాడు. బెంచీ మీద కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, మొదటి అక్షరం నుంచి చివరి తేదీ దాకా. మొగుడంపల్లి భాగాల దావా ఒకటి ఆయన చదువుతుంటే, దారిన పోయే పాలాయన సైకిల్ ఆపి విని, తన మేనత్త వాటా అందులో రాలేదని కనిపెట్టి, మూడో ప్రతివాదిగా చేరిపోయాడు. నమ్మనివాళ్లు రికార్డు రూములో వెతుక్కోవచ్చు. నేనైతే వెతకలేదు.

ఆయన చదువులో ఒక తిరకాసు ఉంది. మధ్యలో ఎక్కడో కాగితంలో లేని అబద్ధం ఒకటి ఇరికిస్తాడు. "నాకు రెండు ఏనుగులు కలవు, వాటిని బీదర్ కోటలో కట్టివేసితిని" అంటాడు గొంతు మారకుండా. వినే మనిషి "నాకెక్కడి ఏనుగులు" అంటే చదువు ముందుకు పోతుంది. "ఊ" అంటే కాగితం మడిచి మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంటాడు. ఝరాసంగం పటేల్ ఒకాయన మూడుసార్లు ఏనుగులకు ఊకొట్టాడు. నాలుగోసారి, "రెండు కాదు లింగప్పా, మూడు రాయి" అన్నాడు.

"చెవులు తెరిచున్నయా లేవా చూడాలె గద," అనేవాడు గురులింగప్ప. "ముద్ర పెట్టేది వేలు. కాని ఒప్పుకోవాల్సింది చెవి."

రెండేళ్ల కింద జగన్‌మోహన్ గారు హైదరాబాదులో ఏదో శిక్షణకు పోయి, లాప్‌టాప్‌లో ఏఐని ఎక్కించుకుని వచ్చారు. అంతకు ముందు ఆ ఆఫీసులో దావా తయారయ్యే తీరు వేరు. వచ్చిన మనిషి బెంచీ మీద కూర్చుని మొదట అల్లుడి సంగతి చెప్పేది, తర్వాత గేదె సంగతి, పొద్దు నెత్తిమీదికి వచ్చాక భూమి సంగతి. గురులింగప్ప పొడుగాటి నోటుబుక్కులో అన్నీ రాసుకునేవాడు, గేదెతో సహా. ఇప్పుడు కాగితాలు స్కాన్ చేసి లోపలికి తోస్తే నలభై సెకన్లలో ప్రమాణపత్రం బయటికొస్తుంది. తెలుగులోనే వస్తుంది, ఇస్త్రీ చేసిన తెలుగు. ఎక్కడా మడత ఉండదు, ఎక్కడా మనిషీ ఉండడు.

"ఇంక ఆ నోటుబుక్కు బీరువాల పెట్టు లింగప్పా," అన్నారట సారు. "నువ్వు ఊరికె పరేషాన్ కాకు. చివర్ల సంతకం పెడితె సాలు."

ఆ రోజు నా దుకాణానికి వచ్చి స్టూల్ మీద కూర్చున్నాడు. నేను ఊరుకుంటానా. "ఇంక నీకు ఆరామే గద కాకా. కూసోని జీతం తీసుకో," అన్నాను.

"ఇంట్ల వంట వేరేటోళ్లు చేసి, రుచి సూసిన అని నాతోని సంతకం పెట్టిస్తున్నరు," అన్నాడు. "ఉప్పెక్కువైతె తిట్లు నాకు."

అప్పుడు నవ్వాను. ఉప్పు ఎక్కువైన రోజు వచ్చాక నవ్వలేదు.

ఆ రోజు బస్వమ్మది. న్యాల్‌కల్ అవతల, కర్ణాటక సరిహద్దుకు ఆనుకుని ఉన్న ఊరు ఆమెది. అరవై దాటింది, మొగుడు లేడు. ఆయన వాటాకు వచ్చిన ఎకరం ఇరవై గుంటల్లో ఏటా కంది వేస్తుంది, అంతరపంటగా జొన్న. పక్క చెలక మరిది కొడుకు పృథ్వీరాజ్‌ది. రెండేళ్లుగా గట్టు జరుపుకుంటూ వస్తున్నాడు. ఒకరోజు ట్రాక్టర్ తెచ్చి ఆమె చెలకలోకే దించబోయాడు. ఆమె ట్రాక్టర్ ముందు కూర్చుంది. ట్రాక్టర్ వెనక్కి పోయింది, కేసు ముందుకు వచ్చింది.

ఇంజంక్షన్ దావా. పృథ్వీరాజ్ నా సాగులోకి రాకుండా ఆపండి అని ఆమె అడుగుతోంది. ఇలాంటి దావాలో భూమి ఎవరిదన్నది తర్వాతి మాట, దావా వేసిన నాడు దుక్కి దున్నుతున్నది ఎవరన్నదే ప్రాణం. పృథ్వీరాజ్ జవాబులో వేసుకున్న మాట కూడా అదే: "సదరు భూమి పదేళ్లుగా సాగు లేకుండా పడావుగా ఉన్నది." కోర్టు ఆ మాట నమ్మితే బస్వమ్మ చెలక పోయినట్టే.

ఇంక ఆమె తన వాంగ్మూలాన్ని ప్రమాణపత్రంగా వేయాలి. జగన్‌మోహన్ గారు దావా కాగితం, పృథ్వీరాజ్ జవాబు, రెండూ కలిపి మెషిన్‌కు తినిపించారు. నలభై సెకన్లు. ఐదు పేజీలు.

తర్వాత జరిగింది నాకు గురులింగప్ప, బస్వమ్మ ఇద్దరూ విడివిడిగా చెప్పారు. కలిపి చెప్తున్నాను, కలపడంలో ఉప్పూ కారం వేయలేదు.

పది దాటి ఇరవై నిమిషాలు. పదిన్నరకు కోర్టు మొదలవుతుంది. వరండా బెంచీ మీద గురులింగప్ప చదవడం మొదలుపెట్టాడు. బస్వమ్మకు ఆయన తిరకాసు తెలుసు. మొగుడు పోయిన కొత్తల్లో వారసత్వం కేసులో రెండుసార్లు దొరికిపోయింది కూడా. ఈసారి రెండో పేజీలో ఆయన, "నేను హైదరాబాదులో ఒక సినిమా టాకీసుకు యజమానురాలిని" అన్నాడు.

"టికెట్లు నువ్వు చింపుతవా అప్పా," అంది ఆమె.

పాసు. చదువు సాగింది. నాలుగో పేజీలో, తొమ్మిదో పేరాలో, మెషిన్ పృథ్వీరాజ్ మాటను ఎత్తి బస్వమ్మ నోట్లో పెట్టింది. "సదరు భూమి పదేళ్లుగా సాగు లేకుండా పడావుగా ఉన్నది." ఎవరి మాట ఎవరిదో దానికి పట్టలేదు. రెండు కాగితాల్లోనూ అదే సర్వే నంబరు కదా, కలిపి వండేసింది. గురులింగప్ప దాన్ని బయటికే చదివాడు. నోరు చదివింది. కళ్లు మాత్రం అప్పటికే ఐదో పేజీలో తేదీ కోసం వెతుకుతున్నాయి. సరిగ్గా అప్పుడే లోపలి నుంచి సారు, "లింగప్పా, అయిందా, జడ్జి మేడం బెంచెక్కినరు," అని కేక వేశారు.

బస్వమ్మ పడీపడీ నవ్వింది. "పో అప్పా, ఇయ్యాల రెండు పెట్టినవ్," అంది. ఆమె లెక్కలో అది రెండో తిరకాసు. కాగితంలో లేని మాట, పరీక్ష కోసం చెప్పిన మాట. ఆయనకు నవ్వే వినబడింది, మాట సారు కేకలో కలిసిపోయింది. టాకీసు గురించి ఇంకా నవ్వుతోందనుకున్నాడు.

వేలిముద్ర పడింది. కింద, చదివి వినిపించినవారు, గురులింగప్ప.

నెల తర్వాత, అవతలి వకీలు బస్వమ్మను క్రాస్ ప్రశ్నలు వేసే పేషీకి రెండు రోజుల ముందు, ఆయన గుమాస్తా నా దుకాణానికి వచ్చి నాలుగో పేజీ ఒక్కటే ఐదు కాపీలు తీయమన్నాడు. అందులో ఒక వరుస కింద ఎర్ర ఇంకుతో గీత. నా నోట్లో నువ్వుగింజ నానదని ఈ వీధికంతా తెలుసు. ఆ గుమాస్తాకూ తెలుసు, అయినా నాకే ఇచ్చాడు. దాన్ని కర్మ అంటారు. ఆరో కాపీ తీసి పెట్టుకున్నాను.

సాయంత్రం గురులింగప్ప ఆ పేజీని రెండు చేతులతో పట్టుకుని చదివాడు. ఒకసారి మనసులో. ఒకసారి బయటికి. మూడోసారి చదవలేదు.

"ఇది నేనే చదివిన," అన్నాడు. "నా నోటితోనే చదివిన."

మరునాడు పొద్దున్నే జగన్‌మోహన్ గారి ముందు ఆ కాగితం పెట్టాడు. నేను కాపీల కట్ట ఇవ్వడానికి పోయిన వంకతో తలుపు దగ్గర నిలబడ్డాను. వంక లేకపోయినా నిలబడేవాణ్ని.

సారు చూసి, కళ్లద్దాలు తీసి, ముక్కు నలుపుకున్నారు. మంచి మనిషే, చెప్తున్నాను. కరోనా కాలంలో ఆఫీసు మూసినా గురులింగప్ప జీతం ఆపలేదు.

"ఫికర్ చెయ్యకు," అన్నారు. "సరిచేస్కుంటమని అర్జీ పెడుదం. పాత కాగితం వాపస్, కొత్త కాగితం దాఖలు. కారణం ఒకటి రాయాలె, అంతే." లాప్‌టాప్ దగ్గరికి లాక్కుని రెండు ముక్కలు కొట్టారు. అరనిమిషం తిరగలేదు, ప్రింటర్ ఒక పేజీ కక్కింది. "దీని మీద సంతకం పెట్టు."

గురులింగప్ప పేరు మీద ప్రమాణపత్రం. తాను వయసు మీద పడినందునను, చూపు మందగించినందునను, టైపు చేయుటలో పొరపాటు చేసితినని.

"నా కండ్లకేమైంది సార్," అన్నాడు గురులింగప్ప.

"అది ఊరికె రాస్తరు లింగప్పా. కారణం కావాలె గద."

"నేను టైపు చెయ్యలే. మీరు చెయ్యలే. మెషిన్ రాసింది. గదే రాయున్రి."

"మెషిన్ రాసిందని కోర్టుల ఎట్ల రాస్తం? అవతలాయన పండుగ చేస్కుంటడు. నీ కాగితాలన్ని మెషినే రాస్తదా అని మేడం అడుగుతది. రేపటికెల్లి నా ఒక్క కేసు నిలబడదు."

"మరి రాస్తున్నదే గద సార్."

సారు లాప్‌టాప్ ఇటు తిప్పి చూపించారు. కింద చీమకాళ్లంత అక్షరాల్లో ఉంది: ఇందులో తప్పులు ఉండవచ్చు, సరిచూసుకోవలెను. "సూడు, వాళ్లు తప్పించుకున్నరు. సరిచూసుకోమన్నరు. ఏది వాడాలె, ఏది వాడొద్దు, వాడితే చెప్పాలెనా వద్దా అని పెద్ద పెద్దోళ్లే ఇంక ఆలోచన చేస్తున్నరు. అది తేలేదాక తప్పు ఎవరిదంటే, కాగితం మీద పేరున్నోనిది."

"కాగితం మీద మీ పేరు గూడ ఉన్నది సార్."

"ఉన్నది. నేను పోతే ఆఫీసు పోతది. ఆఫీసు పోతే నువ్వు పోతవ్."

"ఒట్టేసి అబద్ధం చెప్పమంటున్నరు."

"చిన్నది."

"నేను ముప్పై నాలుగేండ్లు చిన్న అబద్ధాలే చదివిన సార్. అవి కాగితంల ఉండకపోతుండె."

ఆ ప్రింటు మీద సంతకం పడలేదు. సారు దాన్ని నాలుగు మడతలు పెట్టి చెత్తబుట్టలో వేసి, "అయితే ఏం చెయ్యొద్దు. క్రాస్‌ల ఏదో తిప్పల పడుదం," అన్నారు.

ఏదో తిప్పల పడేది ఎవరో ముగ్గురికీ తెలుసు. ఆమె ఆ పూటకు న్యాల్‌కల్ దగ్గర కందిచేలో కలుపు తీస్తూ ఉంటుంది.

గురులింగప్ప ఆ మధ్యాహ్నమే షేర్ ఆటో ఎక్కి ఆమె దగ్గరికి పోయాడు. విషయం చెప్పాడు. ఆమె గట్టు మీద కూర్చుని చాలాసేపు అర్థం చేసుకోలేకపోయిందట.

"అది నీ పరాచికం గాదా?"

"కాదక్కా."

"పడావు అంటివి. ఈ కంది సూస్కుంట ఎవడన్న పడావు అంటడా? అందుకె నవ్విన."

"నువ్వు నవ్వుతివి. నేను ఆగకపోతిని."

"మరి ఎవడు రాసిండు దాన్ని?"

"మెషిన్."

"వానికి నా చెలక ఎక్కడున్నదో తెలుసా?"

గురులింగప్ప చీకటిపడ్డాక తిరిగొచ్చాడు. ఆ రాత్రంతా నిద్ర పట్టలేదని చెప్తాడు గానీ, మా వీధిలో ఎవరికి కోపం వచ్చినా అదే చెప్తారు. నేను నమ్మింది పొద్దున చూసినదాన్నే. విభూతి పెట్టుకోవడం మరిచిపోయి వచ్చాడు.

పేషీ రోజు మేడం బెంచీ మీద ఉన్నారు. బస్వమ్మ బోనులో. దావా కట్టలు పట్టుకుని గురులింగప్ప జగన్‌మోహన్ గారి వెనకాల. నేను వెనక వరుసలో. దుకాణానికి తాళం వేశాను, ఆ పూట జహీరాబాద్‌లో న్యాయం కాపీ లేకుండానే నడిచింది.

అవతలి వకీలు తాపీగా మొదలుపెట్టాడు. "ఈ కాగితం మీద వేలిముద్ర మీదేనా?"

"నాదే."

"మీకు చదివి వినిపించారా?"

"వినిపించిన్రు."

"తొమ్మిదో పేరాలో భూమి పదేళ్లుగా పడావు ఉందని మీరే చెప్పారు. విన్నారా, వినలేదా?"

"విన్న."

"విని ఏం చేశారు?"

"నవ్విన."

వెనక రెండు వరుసలు నవ్వాయి. మేడం తల ఎత్తారు. "ఎందుకు నవ్వారు?"

"గురులింగప్ప పరాచికం అనుకున్న అమ్మా. ఆయన గట్లనే సదువుతడు. నడుమ ఒక అబద్ధం పెడుతడు, మనం వింటున్నమా లేదా అని. ఆ దినం ఒకటి పెట్టిండు, టాకీసు అని. ఇది గూడ గట్లనే అనుకున్న."

అవతలి వకీలు చేతులు రెండూ చాపి, "ఇంతకన్నా ఏం చెప్పాలి మేడం. ప్రమాణపత్రాన్ని హాస్యం అంటున్నారు," అన్నాడు. జగన్‌మోహన్ గారు లేచి, సాక్షికి వయసు మీద పడింది, తడబడుతోంది అని ఏదో అన్నారు. చూపు మందగించిందని మాత్రం ఈసారి అనలేదు.

"ఎవరు ఈ గురులింగప్ప?" అని అడిగారు మేడం.

ఆయన కట్టలు టేబుల్ మీద పెట్టాడు. సారు వైపు చూడలేదు. చూస్తే మాట రాదేమో. "నేనే మేడం. చదివింది నేనే. ఆమె చెప్పింది నిజం. ఆ మాట ఆమెది కాదు, పృథ్వీరాజ్ జవాబుల ఉన్న మాట. కాగితం తయారుచేసింది మెషిన్. అది ఆ మాట తీసి ఈమె నోట్ల పెట్టింది. నేను చదివిన గని వినలే. ఆమె నవ్వితే ఆగాలె, ఆగలే."

కోర్టు హాల్లో టైపు చేసే అమ్మాయి చేతులు ఆపేసింది.

"మెషిన్ రాసిందంటున్నారు," అన్నారు మేడం. "సంతకం?"

"నాది."

"మెషిన్ సంతకం పెట్టదు కదా."

"పెట్టదు మేడం. నా బాధ గూడ అదే. తప్పు చేసినోడు బోనుల నిలబడడు, వాని పేరు ఎక్కడ ఉండదు. ఆమె భూమి పోతది, నా పేరు పోతది, దానికి ఏం పోదు."

మేడం కలం పక్కన పెట్టారు. "మీ బాధ నాకు అర్థమైంది. కానీ ఏది రాసినా, ఎవరు రాసినా నా ముందుకు వచ్చింది వకీలు గారి కాగితం. దాని బరువు వకీలు గారిదే." జగన్‌మోహన్ గారి వైపు తిరిగారు. "జరిగింది జరిగినట్టు రాసి అర్జీ వేయండి. కొత్త ప్రమాణపత్రం సంగతి అప్పుడు చూస్తాను. అప్పటి దాకా క్రాస్ ఆపుతున్నాను."

బయటికి వచ్చాక వరండాలో సారు గొంతు పెద్దది చేయలేదు. చేస్తే బాగుండేది.

"తృప్తి అయిందా లింగప్పా?"

"కాలేదు సార్."

"నాకు గూడ కాలేదు. అక్కా," అని బస్వమ్మ వైపు తిరిగారు, "నేను మీ వకాల్తా వదులుకుంటున్న. ఇంకొకరిని చూస్కోన్రి. ఫైలు ఇచ్చేస్త. లింగప్పా, నువ్వు గూడ ఫైలుతోనే పో."

ముప్పై నాలుగేళ్లు ఆ ఒక్క వాక్యంలో అయిపోయాయి. గురులింగప్ప ఫైలు కట్టకు తాడు సరిగ్గా లేదని గమనించి, వంగి ముడి వేశాడు.

మిగిలిన కథ నాకు ఇష్టం లేదు. నా చేతిలో ఉంటే గురులింగప్ప హైకోర్టు దాకా పోయి మెషిన్‌ను బోనెక్కించేవాడు, నేను దానికి జిరాక్స్ మెషిన్ తరఫున సాక్ష్యం చెప్పేవాణ్ని. నా చేతిలో లేదు. ఆయన బస్వమ్మను వెంటబెట్టుకుని వకీళ్ల గదులన్నీ తిరిగాడు, వెనకాల నేను. మొదటాయన ఫైలు మీద పేరు చూసి, "మేడం ముందట వకీలునే పట్టిచ్చినోడివి నువ్వే గద, వద్దు," అన్నాడు. రెండో ఆయన తలుపు దగ్గరేసి మెల్లగా, "అందరం దాన్నే వాడుతున్నం లింగప్పా. చెప్పుకోం, అంతే. నువ్వు చెప్పుకున్నవ్," అన్నాడు. నాలుగో గదిలో వకీలు లేడు, లాప్‌టాప్ తెరిచే ఉంది. గురులింగప్ప దాని వైపు చూసిన చూపు నేను చూశాను. బస్వమ్మ ఆయన చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది.

చివరికి ఎరువుల దుకాణం మీది గదిలో ప్రాక్టీసు పెట్టిన స్వప్న దగ్గరికి చేరారు. మూడేళ్ల అనుభవం, రెండు కుర్చీలు.

"నేను గూడ ఏఐ వాడుత కాకా, దాచిపెట్ట," అంది ఆ అమ్మాయి. "అది లేకుంటే ఈ గదిల నేనొక్కదాన్నే పది మంది పని చెయ్యలేను. కాని వచ్చిన ప్రతి వరుస మీరు చదవాలె, నేను వింట. తప్పు పోతే నా పేరు మీదనే పోతది. అర్జీల గూడ జరిగింది జరిగినట్టే రాస్త, ఏఐ అని పేరు పెట్టి రాస్త."

"మరి ఎందుకు వాడుడు?" అన్నాడు గురులింగప్ప.

"మీరు చదివేది ఏదో ఒకటి ఉండాలె గద."

ఆయనకు నవ్వు రాలేదు. అయినా కూర్చున్నాడు. ఇంకెక్కడా కూర్చునే చోటు మిగల్లేదు.

ముందే చెప్పేస్తున్నాను, మేడం కొత్త ప్రమాణపత్రానికి అనుమతి ఇచ్చారు, చివరికి ఇంజంక్షన్ కూడా బస్వమ్మకే వచ్చింది. ఆ చెలకలో ఇప్పుడు కంది మోకాలెత్తు దాటింది. పృథ్వీరాజ్ ట్రాక్టర్ తన గట్టు దగ్గరే తిరిగిపోతుంది. ఎలా వచ్చిందన్నదే గురులింగప్పకు గొంతు దిగని ముద్ద.

స్వప్న ఫైలు విప్పి ఒక్కొక్క కాగితమూ స్కాన్ చేసింది. అడుగున ఉన్న ప్లాస్టిక్ కవరులో కాగితాలు కూడా. ఏఐ రాసింది. గురులింగప్ప కళ్లద్దాలు తుడుచుకుని చదవడం మొదలుపెట్టాడు, ఒక్కో మాటను అనుమానితుణ్ని తనిఖీ చేసినట్టు. బస్వమ్మ ఎదురుగా. ఈసారి ఎవరూ గడియారం చూడలేదు. మొదటి పేజీలో రెండు తప్పులు దొరికాయి. ఆయన ముఖంలో కాస్త వెలుగు వచ్చింది. రెండో పేజీలో ఒకటి.

మూడో పేజీ సగంలో ఆగిపోయాడు.

"కొనుగోలు కేంద్రంలో కందులు అమ్ముకొనుటకై వ్యవసాయ అధికారి ప్రతి ఏటా ఇచ్చిన చీటీలు తొమ్మిది దాఖలు చేయుచున్నాను. వాటిలో నా పేరు, సర్వే నంబరు, కంది పంట, విస్తీర్ణము రాసి యున్నవి."

"ఇది ఎక్కడిది?" అన్నాడు. గొంతులో గెలుపు ఉంది. "ఇట్లాంటి చీటీలు లేవు. పెట్టింది సూడున్రి, మళ్ల పెట్టింది."

స్వప్న ప్లాస్టిక్ కవరు ముందుకు జరిపింది. ఆయన విప్పాడు. బ్యాంకు పాసుబుక్కు నకళ్ల మధ్యలో, మడతలు పడి, పసుపు మరకలతో, చీటీలు. ఒక్కొక్కటే తీసి టేబుల్ మీద పరిచాడు. తొమ్మిది. పదేళ్ల పడావు మాటను ఒక్కదెబ్బకు కొట్టిపారేసే కాగితాలు. ఏడాదికి పైగా ఆయన చేత్తో కట్టిన ఫైల్లోనే ఉన్నాయి.

"నేను మొదటి దినమే ఇచ్చిన గద అప్పా," అంది బస్వమ్మ. "నువ్వే అన్నవ్, బ్యాంకు కాగితాలు, అక్కరలేదు, అడుగున పెట్టు అని."

ఆయన ఒక చీటీని కళ్లద్దాల దగ్గరికి తెచ్చి సర్వే నంబరు చూశాడు.

"ఇప్పుడు సదివింది నిజమేనా? వాడు పెట్టిండా, ఉన్నదేనా?"

"ఉన్నదే."

"వాడే పట్టిండా?"

"వాడే."

"మరి నువ్వెందుకు పట్టలే?"

ఆమె నిందించడం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది, గట్టు ఎందుకు తెగిందని అడిగినట్టు. స్వప్న కిటికీ వైపు తిరిగింది. గురులింగప్ప తొమ్మిది చీటీలనూ ఏటి ప్రకారం వరుసగా పేర్చి, అంచులు సమానం చేసి, మళ్లీ సమానం చేసి, మూడో పేజీ ఎత్తుకుని, ఆగిన చోటు నుంచి చదవడం మొదలుపెట్టాడు.